కప్పుల నుంచి గ్రాములకు, గ్రాముల నుంచి కప్పులకు: వంట కొలతలు సరిగ్గా మార్చుకునే పద్ధతి

"1 కప్పు అంటే ఎన్ని గ్రాములు?" అని పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. కప్పు పదార్థం ఆక్రమించే చోటును కొలుస్తుంది, గ్రాము దాని బరువును కొలుస్తుంది. ఒకే కప్పులో కోకో పొడి పోస్తే 85 గ్రాములు తూగుతుంది, తేనె పోస్తే 340 గ్రాములు తూగుతుంది.

కాబట్టి జవాబుకు ముందు మూడు సంగతులు తేలాలి. అది ఏ పదార్థం? ఆ కప్పు ఎన్ని మిల్లీలీటర్లది? కప్పులోకి దాన్ని ఎలా నింపారు? మొదటిది అందరూ చూస్తారు, రెండోది కొందరే చూస్తారు. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. పిండితో చేసే వంటలు చెడిపోయేది ఎక్కువగా అక్కడే. అందుకే ఈ మార్గదర్శిలో దానికే ఎక్కువ చోటిచ్చాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- 1 గ్రాము తేడా చూపే డిజిటల్ కిచెన్ స్కేల్. 5 కిలోల దాకా తూచగలిగితే గిన్నెతో సహా పెట్టుకోవచ్చు.
- ఈస్ట్, బేకింగ్ సోడా లాంటివి తరచూ వాడేవారికి 0.1 గ్రాము చూపే చిన్న స్కేల్. తప్పనిసరి కాదు గానీ ఉంటే చాలా పనికొస్తుంది.
- అంచు దాకా నింపి గీసే కొలత కప్పుల సెట్టు: 1 కప్పు, అరకప్పు, మూడోవంతు, పావు.
- ద్రవాల కోసం పక్కన గీతలున్న, మూతి ఉన్న పారదర్శకమైన కొలత జగ్గు.
- కొలత స్పూన్ల సెట్టు. భోజనానికి వాడే స్పూన్లు కొలతకు పనికిరావు, ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటుంది.
- తిన్నటి అంచున్న కత్తి లేదా గరిటె కాడ.
- రాసుకోవడానికి ఒక పుస్తకం.

స్కేల్‌ను గట్టి, సమతలమైన బల్ల మీద పెట్టండి. మెత్తటి గుడ్డ మీద, వాలుగా ఉన్న చోట పెడితే అంకె తప్పుతుంది.

స్కేల్‌ను ఇలా పరీక్షించండి:

- ఏదైనా ఒక వస్తువును మధ్యలో, తర్వాత నాలుగు అంచుల దగ్గర పెట్టి చూడండి. అంకె 1 గ్రాము కంటే ఎక్కువ మారకూడదు.
- అదే వస్తువును తీసి మళ్లీ పెట్టండి. రెండోసారీ అదే అంకె రావాలి.
- 100 లేదా 500 గ్రాముల తూనికరాయి దొరికితే దానితో సరిచూడండి. మూసి ఉన్న పొట్లంతో చూసేటట్లయితే, దాని మీద అచ్చువేసిన నికర బరువులో కవరు బరువు ఉండదని గుర్తుంచుకోండి. 500 గ్రాముల పొట్లం కవరుతో కలిపి కొన్ని గ్రాములు ఎక్కువ చూపిస్తే స్కేల్ తప్పని కాదు.

ఈ పరీక్ష ముందే చేయాలి. తర్వాతి మెట్టులో కప్పును ఈ స్కేల్‌తోనే సరిచూస్తాం కాబట్టి స్కేల్ తప్పయితే పట్టికంతా తప్పవుతుంది.

## 2. మీ కప్పు ఎంతో తేల్చుకోండి

"కప్పు" అన్న కొలత అన్నిచోట్లా ఒకటి కాదు. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి:

- అమెరికా కప్పు: 236.6 మి.లీ. అక్కడి ఆహార లేబుళ్ల మీద దీన్ని 240 మి.లీ.గా లెక్కిస్తారు.
- మెట్రిక్ కప్పు: 250 మి.లీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటకాల్లో ఇదే.
- జపాన్ కప్పు: 200 మి.లీ.
- రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు: సాధారణంగా 180 మి.లీ.
- పాత బ్రిటిష్ కప్పు: 284 మి.లీ., అంటే అక్కడి పింట్‌లో సగం.

మీ దగ్గరున్న కప్పు ఏదో తెలుసుకోవడం తేలిక:

1. పొడి కప్పును స్కేల్ మీద పెట్టి టేర్ బటన్ నొక్కండి. అంకె సున్నా అవుతుంది.
2. అంచు దాకా నీళ్లు పోయండి. పొంగి కింద పడకూడదు.
3. ఎన్ని గ్రాములు చూపిస్తే మీ కప్పు అన్ని మిల్లీలీటర్లది. 1 మి.లీ. నీళ్లు 1 గ్రాము తూగుతాయి. గది వేడిమిలో వచ్చే తేడా వంటకు లెక్కలోది కాదు.
4. ఆ అంకెను కప్పు అడుగున చెరిగిపోని మార్కర్‌తో రాసుకోండి.

స్పూన్లకూ ఇదే పరీక్ష చేయండి. ఒక్క టీస్పూన్ నీళ్లు తూస్తే 1 గ్రాము స్కేల్ మీద అంకె నమ్మదగినది కాదు. 10 టీస్పూన్లు పోసి, వచ్చినదాన్ని 10తో భాగించండి. 50 గ్రాముల దరిదాపుల్లో వస్తే స్పూన్ సరైనదే.

## 3. వంటకం రాసినవారి కప్పు ఏదో పట్టుకోండి

మీ కప్పు తెలిస్తే సగం పనే అయింది. వంటకంలో రాసిన కప్పు వేరే అయి ఉండొచ్చు. ఈ ఆనవాళ్లు చూడండి:

- వెన్నను "స్టిక్"లలో చెప్పినా, ఓవెన్ వేడిని ఫారన్‌హీట్‌లో ఇచ్చినా అది చాలావరకు అమెరికా వంటకమే. 1 స్టిక్ అంటే 113 గ్రాములు, అరకప్పు.
- ఆస్ట్రేలియా వంటకమైతే కప్పు 250 మి.లీ., టేబుల్‌స్పూన్ 20 మి.లీ. మిగతా చోట్ల టేబుల్‌స్పూన్ 15 మి.లీ. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ 3 టేబుల్‌స్పూన్లు అన్నప్పుడు 45 మి.లీ.కీ 60 మి.లీ.కీ ఒక పూర్తి టేబుల్‌స్పూన్ తేడా వస్తుంది.
- కొన్ని పదార్థాలు కప్పుల్లోనూ గ్రాముల్లోనూ రెండు రకాలుగా ఇస్తే, ఆ రెండింటినీ పోల్చండి. "1 కప్పు పంచదార (200 గ్రా.)" అని ఉంటే 240 మి.లీ. కప్పు. 210 దగ్గరగా ఉంటే 250 మి.లీ. కప్పు.

చివరి ఆనవాలు అన్నిటికంటే గట్టిది. రచయిత గ్రాములు ఇచ్చి ఉంటే ఇక ఏ పట్టికా చూడొద్దు, ఆ గ్రాములనే తూచండి. ఆ వంటకాన్ని పరీక్షించింది ఆ అంకెతోనే.

237, 250 మి.లీ. కప్పుల మధ్య తేడా 5 నుంచి 6 శాతం. పులుసులోనో కూరలోనో ఇది తెలియదు. కేకులో, బ్రెడ్‌లో నాలుగు కప్పుల పిండి దగ్గరకు వచ్చేసరికి పాతిక గ్రాములు దాటుతుంది.

## 4. లెక్క చేసే సూత్రం

ఒక్క సూత్రం చాలు:

బరువు (గ్రాములు) = కొలత (మి.లీ.) × 1 మి.లీ. బరువు

వెనక్కి రావాలంటే:

కొలత (మి.లీ.) = బరువు (గ్రాములు) ÷ 1 మి.లీ. బరువు

నూనె 1 మి.లీ.కి 0.92 గ్రాము తూగుతుంది. 60 మి.లీ. నూనె కావాలంటే 60 × 0.92, అంటే 55 గ్రాములు. 100 గ్రాముల తేనె ఎంత కొలత? 100 ÷ 1.42, అంటే 70 మి.లీ. దరిదాపు, నాలుగు టేబుల్‌స్పూన్లు, ఇంకో రెండు టీస్పూన్లు.

ఈ రెండు లెక్కలూ వస్తే ఏ కప్పు సైజుకైనా పట్టికను మీరే మార్చుకోవచ్చు. అందుకే కింద ఇచ్చిన పట్టికలో 1 మి.లీ. బరువును కూడా పెట్టాను.

## 5. కప్పు నింపే పద్ధతి: పిండి దగ్గర జాగ్రత్త

నీళ్లు, పాలు, నూనె ఎలా పోసినా అంతే తూగుతాయి. పిండి అలా కాదు. దాని రేణువుల మధ్య గాలి ఉంటుంది. డబ్బాను కదిపినా, గరిటెతో నొక్కినా ఆ గాలి బయటికి పోయి అదే కప్పులో మరింత పిండి పడుతుంది.

ఒకే 240 మి.లీ. కప్పులో మైదా ఇలా మారుతుంది:

- జల్లించి, వదులుగా నింపి, అంచుకు గీస్తే: 100 నుంచి 115 గ్రాములు
- స్పూన్‌తో తీసి నింపి గీస్తే: 120 నుంచి 125 గ్రాములు
- కప్పునే సంచిలో ముంచి తీసి గీస్తే: 140 నుంచి 150 గ్రాములు
- ముంచి, నొక్కి, కుప్పగా తీస్తే: ఇంకా ఎక్కువ

దీని ప్రభావం చూడండి. బ్రెడ్ కోసం 4 కప్పుల మైదా, 300 గ్రాముల నీళ్లు అని ఉందనుకోండి. స్పూన్‌తో నింపితే పిండి 480 గ్రాములు, నీళ్లు పిండిలో 62 శాతం దాకా ఉంటాయి. ముద్ద మెత్తగా, సాగేలా వస్తుంది. కప్పు ముంచి తీస్తే పిండి 580 గ్రాములు అవుతుంది, నీళ్లు 52 శాతానికి పడిపోతాయి. ముద్ద గట్టిపడి, సరిగా పొంగదు. వంటకంలో తప్పు లేదు, చేసినవారి చేతిలోనూ లేదు. కప్పు నింపిన తీరులో ఉంది.

సరైన క్రమం:

1. డబ్బాలోని పిండిని స్పూన్‌తో ఒకటి రెండు సార్లు కదిపి వదులు చేయండి.
2. స్పూన్‌తో కొద్దికొద్దిగా తీసి కప్పులో కుప్పగా అయ్యేదాకా వేయండి.
3. కప్పును బల్లకేసి తట్టకండి, కదపకండి, పిండిని నొక్కకండి.
4. కత్తి వీపుతో అంచు మీదుగా ఒక్కసారి గీసి తలకొట్టండి.
5. అప్పుడు తూచండి. ఇలా ఐదుసార్లు చేసి సగటు తీయండి. ఆ సగటే మీ పిండికి, మీ చేతికి సరైన అంకె.

వంటకంలో మాటల వరసను కూడా గమనించాలి. "1 కప్పు జల్లించిన మైదా" అంటే ముందు జల్లించి తర్వాత కొలవాలి. "1 కప్పు మైదా, జల్లించుకోవాలి" అంటే ముందు కొలిచి తర్వాత జల్లించాలి. రెండింటికీ 10 నుంచి 20 గ్రాముల తేడా ఉంటుంది. గ్రాముల్లో ఉంటే ఈ గొడవే లేదు: 120 గ్రాముల మైదా జల్లించక ముందూ 120 గ్రాములే, జల్లించాకా 120 గ్రాములే.

గింజలకూ ఇదే వర్తిస్తుంది. 1 కప్పు బాదం గింజలు 140 గ్రాములకు పైగా తూగుతాయి. అదే కప్పు నిండా బాదం పొడి 95 గ్రాముల దగ్గర ఆగుతుంది. ఆకుకూరల్లో తేడా మరీ పెద్దది. 1 కప్పు పచ్చి పాలకూర 30 గ్రాములుంటే, ఉడికించిన పాలకూర 1 కప్పుకు 180 గ్రాముల దాకా ఉంటుంది. అందుకని తరిగినవి, పొడిచేసినవి, ఉడికించినవి ఏ స్థితిలో కొలవాలో వంటకంలో చూశాకే మార్చండి.

బ్రౌన్ షుగర్ ఒక్కటే ఇందుకు తిరగబడింది. దాన్ని కప్పులో గట్టిగా నొక్కి నింపడమే ఆనవాయితీ. కప్పు బోర్లిస్తే ఆకారం నిలిచేంత నొక్కాలి.

## 6. వాడుకోవడానికి పట్టిక

కింది అంకెలు 240 మి.లీ. కప్పుకు, పొడి పదార్థాలను స్పూన్‌తో నింపి తలకొట్టినప్పటివి. రెండు అంకెలున్న చోట రకాన్ని, మరను బట్టి మారుతుందని అర్థం.

| పదార్థం | 1 కప్పు (గ్రా.) | 1 మి.లీ. (గ్రా.) |
|---|---|---|
| నీళ్లు | 240 | 1.00 |
| పాలు | 245–247 | 1.03 |
| పెరుగు | 245 | 1.02 |
| వంటనూనె | 220 | 0.92 |
| వెన్న | 227–230 | 0.95 |
| తేనె | 340 | 1.42 |
| మైదా | 120–125 | 0.50–0.52 |
| గోధుమపిండి | 115–125 | 0.48–0.52 |
| కార్న్‌ఫ్లోర్ | 115–128 | 0.48–0.53 |
| కోకో పొడి | 85–100 | 0.35–0.42 |
| పంచదార | 200 | 0.83 |
| ఐసింగ్ షుగర్ | 115–120 | 0.48–0.50 |
| బ్రౌన్ షుగర్ (నొక్కి) | 213–220 | 0.89–0.92 |
| రవ్వ | 165 | 0.69 |
| ఓట్స్ | 90–100 | 0.38–0.42 |
| బియ్యం | 185–200 | 0.77–0.83 |
| బాదం గింజలు | 140–145 | 0.58–0.60 |

మీది 250 మి.లీ. కప్పయితే చివరి నిలువు వరుసలోని (1 మి.లీ.) అంకెను 250తో గుణించండి. పంచదార 208 గ్రాములు వస్తుంది. కుక్కర్ కప్పు 180 మి.లీ. కాబట్టి బియ్యం 140 నుంచి 150 గ్రాములు.

## 7. ద్రవాలు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. జగ్గును చేత్తో పట్టుకుని పైకెత్తి చూడొద్దు. బల్ల మీద పెట్టి, మీరే వంగి, గీత కంటికి సమానంగా ఉండేలా చూడండి. నీటి ఉపరితలం అంచుల దగ్గర కాస్త పైకి వంగుతుంది, మధ్యలో కిందికి దిగిన మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఔన్స్ దగ్గర మాత్రం ఆగండి. ఔన్సులు రెండు రకాలు. బరువు ఔన్స్ 28.35 గ్రాములు. ఫ్లూయిడ్ ఔన్స్ కొలత: అమెరికాలో 29.57 మి.లీ., బ్రిటన్‌లో 28.41 మి.లీ. "8 ఔన్సుల మైదా" అంటే బరువు, 227 గ్రాములు. 8 ఫ్లూయిడ్ ఔన్సులు 1 కప్పు అని గుర్తుపెట్టుకుని ఒక్క కప్పు మైదా వేస్తే పడేది 125 గ్రాములే, దాదాపు సగం. పొడి పదార్థానికి ఔన్స్ అని ఉంటే బరువుగా, ద్రవానికి ఫ్లూయిడ్ ఔన్స్ అని ఉంటే కొలతగా చదవండి.

## 8. స్పూన్లు: ఉప్పు, ఈస్ట్, బేకింగ్ పొడులు

ఇక్కడ గ్రాములు చిన్నవి, ప్రభావం పెద్దది. 5 మి.లీ. టీస్పూన్‌కు, తలకొట్టి కొలిస్తే:

- మెత్తటి పొడి ఉప్పు: 6 గ్రా.
- రాళ్ల ఉప్పు, పొరలు పొరలుగా ఉండే ఉప్పు: 3 నుంచి 5 గ్రా.
- బేకింగ్ పౌడర్: 4 నుంచి 5 గ్రా.
- బేకింగ్ సోడా: 5 నుంచి 6 గ్రా.
- ఇన్‌స్టంట్ ఈస్ట్: 3 గ్రా.
- పంచదార: 4 గ్రా.
- కార్న్‌ఫ్లోర్: 2.5 నుంచి 3 గ్రా.
- తేనె: 7 గ్రా.

ఉప్పు మీద ప్రత్యేకంగా మనసు పెట్టండి. పెద్ద పలుకుల ఉప్పుతో రాసిన వంటకంలో 1 టేబుల్‌స్పూన్ అంటే 9 గ్రాములే ఉండొచ్చు. అదే కొలతకు మెత్తటి ఉప్పు వేస్తే 18 గ్రాములు పడుతుంది, రెట్టింపు. బరువులో చూస్తే ఏ ఉప్పయినా 9 గ్రాములు 9 గ్రాములే. వంటకంలో ఏ ఉప్పో చెప్పకపోతే సగం వేసి, రుచి చూసే వీలున్న వంటయితే తర్వాత కలపండి. రుచి చూడలేని పిండి ముద్దల్లో నిష్పత్తితో సరిచూడండి. బ్రెడ్‌లో ఉప్పు పిండి బరువులో దాదాపు 2 శాతం ఉంటుంది, 500 గ్రాముల పిండికి 10 గ్రాములు. మీ లెక్కలో 20 వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగింది.

7 గ్రాముల ఈస్ట్ పొట్లం అంటే రెండుంపావు టీస్పూన్లు.

1 గ్రాము స్కేల్ మీద 3 గ్రాముల ఈస్ట్ తూస్తే అర గ్రాము అటూ ఇటూ ఉండొచ్చు. అంటే ఆరోవంతు తేడా. 10 గ్రాముల కంటే తక్కువ ఉన్నవాటికి 0.1 గ్రాము స్కేల్ లేకపోతే కొలత స్పూనే మేలు. అన్నిటినీ గ్రాముల్లోకి మార్చాలన్న పట్టుదల ఇక్కడ అక్కర్లేదు.

## 9. తేనె, వెన్న లాంటివి

కప్పుకు అంటుకుపోయే వాటిని కప్పుతో కొలిస్తే కొంత కప్పులోనే మిగిలిపోతుంది. తూకం ఇక్కడ శ్రమ కూడా తగ్గిస్తుంది.

తీసివేత పద్ధతి: తేనె సీసాను స్కేల్ మీద పెట్టి టేర్ నొక్కండి. సీసా తీసి, కావాల్సినంత గిన్నెలో పోయండి. మళ్లీ స్కేల్ మీద పెట్టండి. మైనస్ 85 చూపిస్తే పావు కప్పు తేనె గిన్నెలో పడినట్టు. స్పూనూ కప్పూ ఏదీ మాసిపోదు.

స్కేల్ లేకపోతే వెన్నకు: కొలత జగ్గులో 200 మి.లీ. చల్లని నీళ్లు పోయండి. వెన్న ముక్కలు వేస్తూ, అవి పూర్తిగా మునిగేలా స్పూన్‌తో అదిమి పట్టండి. నీటి మట్టం 320కి చేరితే 120 మి.లీ. వెన్న పడినట్టు, అంటే అరకప్పు, 113 గ్రాముల దరిదాపు. నీళ్లు వంపేసి, వెన్న తడి ఆర్చి వాడండి.

గట్టి వెన్నయినా కరిగిన వెన్నయినా బరువు ఒకటే. కాబట్టి గ్రాముల్లో ఉంటే కరిగించకముందే తూచుకోండి.

## 10. గ్రాముల నుంచి కప్పులకు రావాలంటే

స్కేల్ లేనివారికి ఇది అవసరం. ముందు ఈ వరస గుర్తుంచుకోండి (240 మి.లీ. కప్పుకు):

- 1 కప్పు = 16 టేబుల్‌స్పూన్లు
- పావు కప్పు = 4 టేబుల్‌స్పూన్లు
- మూడోవంతు కప్పు = 5 టేబుల్‌స్పూన్లు + 1 టీస్పూన్
- 1 టేబుల్‌స్పూన్ = 3 టీస్పూన్లు

ఇప్పుడు 300 గ్రాముల మైదా తీసుకుందాం:

1. 300 ÷ 125 = 2.4 కప్పులు.
2. 2 కప్పులు పక్కన పెట్టండి, మిగిలింది 0.4.
3. 0.4 × 16 = 6.4 టేబుల్‌స్పూన్లు.
4. అంటే 2 కప్పులు, పావు కప్పు, 2 టేబుల్‌స్పూన్లు, 1 టీస్పూన్.

175 గ్రాముల పంచదార: 175 ÷ 200 = 0.875. 16తో గుణిస్తే 14 టేబుల్‌స్పూన్లు, అంటే ముప్పావు కప్పు, 2 టేబుల్‌స్పూన్లు.

పిండి విషయంలో దగ్గరి భాగానికి కుదించాల్సి వస్తే కిందికే కుదించండి. తక్కువైన పిండిని కలుపుతూ సరిచేయొచ్చు, ఎక్కువైనదాన్ని వెనక్కి తీయలేం.

## 11. మొత్తం వంటకాన్ని మార్చడం: ఒక ఉదాహరణ

ఒక మామూలు కేకు, అమెరికా కొలతల్లో: 2 కప్పుల మైదా, ఒకటింపావు కప్పు పంచదార, 1 స్టిక్ వెన్న, ముప్పావు కప్పు పాలు, 2 పెద్ద గుడ్లు, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు.

1. అన్నిటికంటే ముందు పిండి: 2 × 120 = 240 గ్రా.
2. పంచదార: 1.25 × 200 = 250 గ్రా.
3. వెన్న: 113 గ్రా.
4. పాలు: 180 మి.లీ. × 1.03 = 185 గ్రా.
5. గుడ్లు: పెంకు లేకుండా ఒక్కోటి 50 గ్రా., మొత్తం 100 గ్రా. మీ గుడ్లు చిన్నవైతే పగలగొట్టి తూచి సరిచేసుకోండి.
6. బేకింగ్ పౌడర్: 8 నుంచి 10 గ్రా. ఉప్పు: 3 గ్రా. ఈ రెండింటినీ స్పూన్‌లోనే ఉంచినా తప్పులేదు.

ఆ తర్వాత ఒకసారి మొత్తాన్ని చూడండి. 1 కప్పు మైదాకు బేకింగ్ పౌడర్ సాధారణంగా 1 టీస్పూన్ చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడ 2 కప్పులకు 2 ఉంది, సరిపోయింది.

పిండిని 120తో మార్చి, మరోచోట 145తో మార్చకండి. ఒక వంటకంలో మొదలుపెట్టిన అంకెనే చివరిదాకా వాడండి. ముద్ద పల్చగా అనిపిస్తే, ఆ రచయిత కప్పు ముంచి తీసే అలవాటున్నవారు కావచ్చు. అప్పుడు ఒక్కో టేబుల్‌స్పూన్ చొప్పున పిండి కలిపి, చివరికి ఎంత పట్టిందో రాసుకోండి.

దశాంశాల జోలికి పోవద్దు. 236.6 × 0.52 = 123.03 అని వచ్చినా 123 అనే రాసుకోండి. పిండి తడిని బట్టే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

కప్పు గ్రాములకు ఒకే అంకె వాడడం. "1 కప్పు = 240 గ్రాములు" అనేది నీళ్లకే నిజం. మైదాకు అదే వాడితే రెట్టింపు పిండి పడుతుంది. ముద్ద పొడిపొడిగా ఉండి నీళ్లు ఎంత పోసినా చాలకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

టేర్ మర్చిపోవడం. గిన్నె బరువు కలిసిపోతుంది. సవరణ: ఖాళీ గిన్నె బరువును దాని అడుగున రాసుకోండి. మధ్యలో స్కేల్ ఆగిపోయినా మొత్తం తూచి గిన్నె బరువు తీసేస్తే సరిపోతుంది.

చిటికెడు చిటికెడుగా వేస్తుంటే అంకె కదలకపోవడం. సున్నా దగ్గర చిన్న మార్పులను కొన్ని స్కేళ్లు పట్టించుకోకుండా సున్నాకే తిప్పేస్తాయి. సవరణ: చిన్న పదార్థానికి ముందు టేర్ నొక్కకండి. గిన్నెలో ఉన్న అంకె మీదే కలపండి, 490 నుంచి 496 అయ్యేదాకా. లేదంటే విడిగా చిన్న గిన్నెలో ఒకేసారి వేసి తూచండి.

కలిపే గిన్నె మీదే స్పూన్‌ను తలకొట్టడం. ఎక్కువైనది గిన్నెలో పడిపోతుంది. పక్కన ప్లేటు మీద గీయండి.

బియ్యం కప్పుకూ అన్నం కప్పుకూ ఒకే అంకె వాడడం. ఉడికాక నీళ్లు పీల్చుకుని పరిమాణం, బరువు రెండూ మారతాయి. వంటకంలో వండినదా వండనిదా అని చూశాకే మార్చండి.

వంటకాన్ని రెట్టింపు చేసి ఆ తర్వాత మార్చడం. కొలతలో ఉన్న తప్పు కూడా రెట్టింపవుతుంది. ముందు గ్రాముల్లోకి మార్చి, ఒకసారి చేసి చూసి, ఆ తర్వాత గుణించండి.

## 13. మీ సొంత పట్టిక తయారుచేసుకోండి

ఇక్కడ ఇచ్చిన పట్టికతో పని మొదలుపెట్టండి, కానీ దానితోనే ఆగిపోకండి. మీ వంటింట్లోని పిండి, మీ కప్పు, మీ చేయి ఇచ్చే అంకె దేనికంటే అయినా నమ్మకమైనది. తరచూ వాడే పది పన్నెండు పదార్థాలకు ఒక్క పూట కేటాయిస్తే చాలు.

ప్రతి పదార్థానికీ రాసుకోవాల్సినవి:

- పేరు, రకం (మెత్తటి ఉప్పా, రాళ్ల ఉప్పా, ఓట్స్ పెద్ద రేకులా, చిన్నవా)
- కప్పు ఎన్ని మి.లీ.
- నింపిన తీరు: స్పూన్‌తో, ముంచి, నొక్కి, జల్లించి
- ఐదుసార్లు తూచిన అంకెలు, వాటి సగటు
- 1 టేబుల్‌స్పూన్ బరువు (240 మి.లీ. కప్పయితే సగటును 16తో భాగిస్తే వస్తుంది; వేరే కప్పయితే సగటును దాని మి.లీ.తో భాగించి 15తో గుణించండి)

ఐదు అంకెల్లో ఒకటి మిగతావాటికి 10 గ్రాములకు పైగా దూరంగా ఉంటే దాన్ని కొట్టేసి మళ్లీ నింపండి. పంచదారలో అంకెలు దాదాపు ఒకేలా వస్తాయి, పిండిలో తొలిసారి కాస్త చెదురుతాయి, చేయి అలవాటుపడ్డాక దగ్గరకు వస్తాయి. అవి 5 గ్రాముల లోపల నిలిచాకే పిండి అంకెను పట్టికలోకి ఎక్కించండి. ఆ కాగితాన్ని అల్మారా తలుపు లోపలి వైపు అతికించండి. వేరే మరలో ఆడిన పిండి, వేరే రకం ఉప్పు, వేరే కోకో తెచ్చినప్పుడు ఆ ఒక్క వరుసను మళ్లీ తూచి పాత అంకె పక్కన కొత్తది రాయండి.